తెల్లద్రాక్ష చరిత్ర: దక్షిణ ఫ్రాన్సు, తెలుగునేల

ద్రాక్షపండు తినునప్పుడు దాని వెనుక నున్న దీర్ఘచరిత్ర మనకు తట్టదు. ఆ పండు రుచిలో నేల కొంత, ఎండ కొంత, రాత్రి చలి కొంత, తోటమాలి చేతికత్తి కొంత పాలుపంచుకొనును. వీనిలో ఏ ఒక్కటి మారినను పండు మారును. పండు మారినచో దాని రసము నుండి తయారగు వస్తువులన్నియు మారును. ఈ సంగతిని చక్కగా తెలుపు ఉదాహరణ ఒకటి దక్షిణ ఫ్రాన్సులో ఉన్నది. దానికి దీటుగా చెప్పదగిన ఉదాహరణ మరొకటి మన తెలుగునేలపైననే ఉన్నది.

ఫ్రాన్సులో మోంపెలియే నగరమునకు సమీపమున, ఎరో జిల్లాలో, అనియాన్ అను చిన్న ఊరు కలదు. దాని దగ్గర గస్సాక్ అను వాగు పారు లోయలో 'మాస్ ద దోమా గస్సాక్' అను తోట ఉన్నది. 'మాస్' అనగా ఆ ప్రాంతపు భాషలో పొలములోని ఇల్లు. ఈ తోటలో 1986 నుండి తెల్లద్రాక్షలతో ఒక వైనును చేయుచున్నారు. ఒకే జాతి పండ్లతో గాక, అనేక జాతుల పండ్లను కలిపి చేయుట దాని ప్రత్యేకత. వైను అన్నంతనే పాఠకులు ఉలికిపడనక్కరలేదు. మద్యమును మెచ్చుకొనుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. నేలను, నీటిని, వాతావరణమును శాస్త్రదృష్టితో చదివినప్పుడు ఏమి జరిగినది, చదువక దిగుబడినే చూచుకొన్నప్పుడు ఏమి జరిగినది అను రెండు ప్రశ్నలకు ద్రాక్ష చరిత్రలో సమాధానము దొరకును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతులకు ఆ సమాధానముతో పని ఉన్నది.

ద్రాక్ష మనవైపు వచ్చిన త్రోవ

ద్రాక్షతీగ పుట్టిల్లు కాకసస్ పర్వతప్రాంతము, పశ్చిమ ఆసియా అని చెప్పుదురు. జార్జియా దేశమున త్రవ్వకములలో దొరికిన మట్టికుండల పెంకులపై ద్రాక్షరసపు ఆనవాళ్లను రసాయన పరీక్షలు బయటపెట్టినవి. 2017లో ప్రకటించిన ఆ పరిశోధనను బట్టి క్రీ.పూ. 6000 ప్రాంతముననే అచట ద్రాక్షరసమును పులియబెట్టెడివారు.

మన దేశమునకు ఈ పండు వాయవ్యపు కనుమల గుండా వచ్చినది. పాణిని తన వ్యాకరణమున కాపిశి అను ఊరి పేరు నుండి పుట్టు మాటకు ఒక సూత్రమే వ్రాసినాడు. ఆ మాటకు ఉదాహరణగా వ్యాఖ్యాతలు చూపునవి కాపిశి ద్రాక్ష, కాపిశి మధువు. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తానములోనిది. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రాక్షరసమునకు 'మధు' అని పేరు పెట్టి, అది దొరకు దేశములను బట్టి దానికి గల రెండు పేర్లను చెప్పుచున్నది. క్రీ.శ. మొదటి శతాబ్దమునాటి 'పెరిప్లస్' అను గ్రీకు నావికుని గ్రంథము, పశ్చిమతీరపు రేవైన భరుకచ్ఛమునకు ఇటలీ నుండియు, అరేబియా నుండియు వైను దిగుమతి అగుచుండెనని తెలుపుచున్నది. మన నాగార్జునకొండ శిల్పములలో కొమ్ముపాత్రను చేతబట్టి, కాళ్లచెంత మధుభాండముతో నిలిచిన విదేశీయుని వంటి గడ్డపు బొమ్మ ఒకటి కలదు. ఇక్ష్వాకుల కాలమున కృష్ణాతీరమునకు ఆ ఆచారపు వార్త చేరినదనుటకు ఆ రాయియే సాక్షి.

తీగ మాత్రము దక్కనుకు ఆలస్యముగా వచ్చినది. పదునాల్గవ శతాబ్దమున దౌలతాబాదును చూచిన ఇబ్న్ బతూతా, అచట ద్రాక్ష, దానిమ్మ సంవత్సరమునకు రెండుమార్లు కాపునకు వచ్చునని వ్రాసినాడు. ఈ 'రెండుమార్లు' అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానిలోని శాస్త్రము ముందు తెలియగలదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆ నగరపు అంగళ్లలో అమ్ము పండ్లలో ద్రాక్షను పేర్కొనినాడు. ఆనాడు కడపసీమ విజయనగరపు ఏలుబడిలోనిదే; గండికోట పెమ్మసాని నాయకులది.

అదే గండికోటకు 1652లో ఒక ఫ్రెంచివాడు వచ్చినాడు. అతడు వజ్రముల వర్తకుడు జాన్ బాప్టిస్ట్ తవెర్నియే. అప్పటికి కోట గోలకొండ సేనాధిపతి మీర్ జుమ్లా చేతికి వచ్చినది. బూర్జ్ పట్టణమునకు చెందిన క్లోద్ మయ్యే అను మరియొక ఫ్రెంచివాడు అచట ఫిరంగులు పోతపోయుచుండెనని తవెర్నియే వ్రాసినాడు. ఈ విధముగా జమ్మలమడుగు దాపున పెన్న ఒడ్డున ఫ్రెంచివారు మూడున్నర శతాబ్దముల క్రిందటనే నడచినారు. వారు ఇచట వెదకినది వజ్రములను, చేసినది ఫిరంగులను. ఈ నేలలో ద్రాక్ష పండునా అని వారిలో ఎవ్వరును ప్రశ్నింపలేదు.

పులియుట అనగానేమి?

ద్రాక్షరసము వైనుగా మారుటకు మూలము చక్కెర. పండిన ద్రాక్షలో గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలు ఇంచుమించు సమముగా ఉండును. ఈస్టు అను సూక్ష్మజీవి వానిని తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచును. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు గే లుసాక్ దీనికి సమీకరణము వ్రాసినాడు. దానిని బట్టి 180 గ్రాముల చక్కెర నుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు వచ్చును. కాని ఈ పని చేయునది ప్రాణముగల ఈస్టు అని నిరూపించినవాడు లూయీ పాస్టర్. ఆయన 1866లో వైనును గూర్చిన గ్రంథమును ప్రకటించినాడు. ఏ సూక్ష్మజీవి మంచి రుచిని, ఏది పులుపును, ఏది చేదును తెచ్చునో అందు వివరించినాడు.

ఈ విద్య మన వైద్యులకు మరియొక రూపమున తెలియును. ఆయుర్వేదమున ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము అను ఔషధములు కలవు. వానిని చేయునప్పుడు ఎండు ద్రాక్ష, బెల్లము వంటి వానితోపాటు ధాతకీపుష్పములను వేయుదురు. పులియుటకు కావలసిన ఈస్టు ఆ పూవుల తేనెతో అంటుకొని వచ్చునని నేటి పరిశీలనలు తెలుపుచున్నవి. ఈత చెట్టుకు కట్టిన లొట్టిలో తెల్లవారునప్పటికి కల్లు నురుగు కట్టుటకును ఇదే కారణము.

ఇక లెక్క చూతము. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర ఉన్నచో, అది పులిసి నూటికి 1 వంతు ఆల్కహాలు నిచ్చును. నూటికి 22 పాళ్లు చక్కెరగల రసము దాదాపు 13 వంతుల ఆల్కహాలు గల వైనగును. నూటికి 15 పాళ్లే ఉన్నచో 9 వంతులకు మించదు. అట్టి వైను పలుచనై, నిలువక చెడిపోవును. ఫ్రాన్సులో షప్తాల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1801లోనే చాలీచాలని రసమునకు చక్కెర కలుపు పద్ధతిని ప్రచారము చేసినాడు. ఆయన మోంపెలియేలో చదివి, అచటనే బోధించినవాడు. ఆ ఉపాయమే తరువాత మోసమునకు దారితీసినది.

చక్కెర ఒక్కటియే చాలదు, పులుపును ఉండవలెను. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లములు రెండు. ఒకటి టార్టారిక్ ఆమ్లము. మన చింతపండు పులుపు దీనివలననే. రెండవది మాలిక్ ఆమ్లము. ఆపిల్ పండులోని పులుపు ఇది. వేడి హెచ్చిన కొలది పండు తన మాలిక్ ఆమ్లమును తానే శ్వాసక్రియలో ఖర్చు చేసికొనును. రాత్రులు చల్లగా ఉన్నచో ఆ ఖర్చు తగ్గును. కావున వేడిచోట పండిన ద్రాక్ష తియ్యగా ఉండి చప్పబడును. తెల్లవైనులో ఈ లోపము వెంటనే బయటపడును. ఏలననగా ఎర్రవైనును తొక్కలతో కూడ పులియబెట్టుదురు. తొక్కలోని వగరు దానికి బలమిచ్చును. తెల్లవైనుకు రసమును ముందే పిండి, తొక్కను తీసివైచి, తక్కువ వేడిలో పులియబెట్టుదురు. దానికి పులుపును సువాసనయునే ఆధారము.

తెల్లద్రాక్ష పుట్టుకలోను ఒక వింత కలదు. అడవి ద్రాక్ష పండ్లు నల్లనివి. తొక్కకు రంగునిచ్చు ఒక జన్యువులో, చోటు మార్చుకొను స్వభావముగల జన్యుఖండమొకటి వచ్చి దూరుటచే ఆ జన్యువు పనిచేయుట మానినది. జపాను శాస్త్రజ్ఞులు 2004లో దీనిని కనుగొనిరి. తెల్లద్రాక్ష యనగా రంగును మరచిపోయిన నల్లద్రాక్ష అన్నమాట. తోటమాలులు ఆ మార్పును చూచి ఇష్టపడి, కొమ్మలు నాటి నిలుపుకొనిరి.

దక్షిణ ఫ్రాన్సు పడిన కష్టములు

గస్సాక్ తోట ఏర్పడిన సీమను లాంగ్ డాక్ అందురు. పందొమ్మిదవ శతాబ్దము నడుమ రైలుమార్గము వచ్చిన తరువాత ఈ సీమ పారిసు మొదలగు నగరముల కూలీలకు చౌకవైను సరఫరా చేయు పెద్ద తోటగా మారినది. పల్లపు భూములలో ఆరమోన్ అను జాతిని నాటిరి. అది విపరీతముగా కాయును. రసము మాత్రము నీళ్లవలె ఉండును. దిగుబడియే రైతునకు దేవుడైనది.

ఇంతలో చీడ వచ్చిపడినది. 1863 ప్రాంతమున రోన్ నది దిగువభాగమున తీగలు కారణము తెలియక ఎండసాగినవి. 1868 జూలైలో మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, బజీయ్, సాయూ అను ఇద్దరితో కలిసి వెళ్లి పరిశీలించినాడు. ఎండిన తీగల వేళ్లపై గాక, పచ్చగా నున్న తీగల వేళ్లపై పసుపుపచ్చని సూక్ష్మకీటకములు గుంపులుగా కనబడినవి. దొంగ పని ముగించుకొని ప్రక్కయింటికి పోయినట్లు, ఆ పురుగు వేరు చచ్చినంతనే ప్రక్క తీగకు పోవును. అదియే ఫిల్లాక్సెరా. అది అమెరికా నుండి మొక్కలతోపాటు వచ్చినది. 1875లో 8 కోట్ల 40 లక్షల హెక్టోలీటర్లుగా నున్న ఫ్రాన్సు వైను ఉత్పత్తి, 1889 నాటికి 2 కోట్ల 34 లక్షలకు పడిపోయినది. హెక్టోలీటరు అనగా 100 లీటర్లు.

విరుగుడును అమెరికా నుండియే వచ్చినది. ఆ దేశపు అడవి ద్రాక్షల వేళ్లు ఈ పురుగునకు తట్టుకొనును. వాని వేళ్లపై యూరపు ద్రాక్షకొమ్మను అంటుకట్టినచో తీగ బ్రతుకును. కాని ఫ్రాన్సులో సున్నపు నేలలు ఎక్కువ. తొలుత తెచ్చిన అమెరికా వేళ్లు సున్నపు నేలలో ఇనుమును గ్రహింపలేక, ఆకులు పాలిపోయి చచ్చినవి. అందువలన 1887లో ప్రభుత్వము మోంపెలియే వ్యవసాయ కళాశాల ఆచార్యుడు పియేర్ వియలాను అమెరికాకు పంపినది. టెక్సాసులో మన్సన్ అను తోటమాలి ఆయనకు సహాయపడినాడు. సున్నపురాతి గుట్టలపై సహజముగా పెరుగుచున్న బెర్లాండియరీ అను జాతిని ఆయన గుర్తించినాడు. నేడు లోకమున సున్నపు నేలలలో వాడు వేరుమూలములలో అనేకము దాని సంకరములే.

అదే కాలమున బూజుతెగులు కూడ అమెరికా నుండి వచ్చినది. బోర్డో ప్రాంతమున బాటసారులు పండ్లు కోసికొనకుండ, బాట ప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లు అలవాటు ఉండెడిది. ఆ తీగలకు తెగులు రాకపోవుటను 1882లో మియార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు గమనించినాడు. 1885లో ఆ మందును లోకమునకు ప్రకటించినాడు. మన రైతులు నేటికిని నిమ్మకు, చీనీకి, తమలపాకుకు వాడు 'బోర్డో మిశ్రమము' అదియే.

తోటలు మరల పెరిగినవి. మరల పల్లములలో, మరల విపరీతమైన దిగుబడులతో. దానికి తోడు వర్తకులు నీళ్లు, చక్కెర కలిపి దొంగవైను చేసిరి. ధర పడిపోయినది. 1907లో లాంగ్ డాక్ రైతులు తిరుగబడిరి. ఆ సంవత్సరము జూన్ 9న మోంపెలియేలో లక్షలకొలది జనము గుమికూడిరి. నార్బోన్ పట్టణమున సైనికులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము జరిగినది. ఆ నెలలోనే కల్తీని అరికట్టు చట్టము వచ్చినది. చట్టము కల్తీని ఆపగలిగినది గాని, పలుచని పండును చిక్కబరుపలేదు.

గస్సాక్ లోయలో నేలను చదివిన విధము

ఇట్టి సీమలో 1970 ప్రాంతమున ఏమే గిబేర్, వెరోనిక్ గిబేర్ అను దంపతులు గస్సాక్ లోయలోని పాత ఇంటిని, పొలమును కొనిరి. ఏమే తోలు చేతితొడుగుల వ్యాపారి. ఏమి పండింపవలెనో వారికి నిశ్చయము లేదు. బోర్డో విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆంరీ ఎంజల్బేర్ వారి పొలమును చూచుటకు వచ్చినాడు. నేలను, రాతిని, ద్రాక్షను కలిపి చదివిన పండితుడాయన. ఆ పొదలలో ఆయనకు ఎర్రని మెత్తని నేల కనబడినది. హిమయుగమునాడు ఏర్పడిన రాతిపొడి అది అని, లోతుగా ఉండి, నీటిని నిలువనీయక వడియనిచ్చుననియు, సారము తక్కువ గనుక తీగ వేళ్లు లోతునకు దిగుననియు ఆయన చెప్పినాడు. లార్జాక్ పీఠభూమి నుండి రాత్రివేళ చల్లగాలి లోయలోనికి దిగును. వేడిసీమలో చల్లని మూల అది.

ఇచట పాఠకులు గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. సారవంతమైన నేలయే మంచినేల అని మనము తలంతుము. వరికి, చెరకుకు అది నిజము. ద్రాక్షకు పూర్తిగా నిజము కాదు. సారము, నీరు అధికమైనచో తీగ ఆకులు వేయుటకే పూనుకొనును. గుత్తులు పెద్దవై, గింజలు ఉబ్బి, రసము పలుచనగును. కొద్దిపాటి కరవు ద్రాక్షకు మేలు చేయును.

బోర్డో శాస్త్రజ్ఞుడు ఎమీల్ పేనో సలహాతో 1978లో ఈ తోటనుండి మొదటి ఎర్రవైను వెలువడినది. 1986లో తెల్లవైను వచ్చినది. దానిలో ముఖ్యమైన జాతులు వియోన్యే, షార్డొనే, పెతి మాన్సెన్, షెనిన్. వీనితోపాటు అరుదైన జాతులు మరికొన్ని కొద్దికొద్దిగా ఉండును. ఈ కలయికలో తర్కము కలదు. వియోన్యే సువాసనకు పేరుపొందినది. దాని వాసనకు కారణమైన వానిలో లినలూల్ ఒకటి. మన ధనియాల వాసనకును అదియే ప్రధానము. షార్డొనే నిండుదన మిచ్చును. పెతి మాన్సెన్ చిన్నగింజల, మందపు తొక్క జాతి. చక్కెర ఎంత పెరిగినను పులుపును వదలదు. షెనిన్ కూడ పులుపు నిలుపునదే. ఒక దానిలోని కొరతను మరియొకటి తీర్చును. ఇంటింట పులుసులో ఉప్పు, పులుపు, కారము, బెల్లము తూచినట్లుగా అచట పండ్లను తూచుదురు.

ఆ ప్రాంతపు నియమములలో ఈ జాతులు లేనందున ఆ వైనుకు ఉన్నతశ్రేణి ముద్ర లభింపలేదు. సామాన్యమైన 'దేశపు వైను' అను పేరుతోనే అమ్మిరి. అయినను దాని కీర్తి పెరిగినది. ఏమే గిబేర్ 2016లో మరణించినాడు. ఆయన సాధించినది దిగుబడి కాదు. చౌకవైనుకు మారుపేరైన సీమలో ఒక మూలనేల యోగ్యతను ఋజువు చేయుటయే ఆయన చేసిన పని.

తెలుగునేలపై రాజద్రాక్ష

ఇప్పుడు మన ఇంటికి వత్తము. హైదరాబాదులో 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ అను వారు ఒక తెల్లద్రాక్షను ప్రవేశపెట్టినట్లు తోటశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. దానికి 'అనాబ్ ఎ షాహీ' అని పేరు. 'అనాబ్' అనగా ద్రాక్ష, 'షాహీ' అనగా రాజసంబంధమైనది. కోలగింజ, పలుచని తొక్క, లోపల విత్తులు, పెద్ద గుత్తులు దీని లక్షణములు. స్వాతంత్ర్యము తరువాత రెండు మూడు దశాబ్దములు హైదరాబాదు చుట్టుప్రక్కల పల్లెలు ఈ ద్రాక్షపందిళ్లతో నిండినవి. ఎకరమునకు 14 టన్నులు సగటు; మంచి తోటలలో అంతకంటె ఎక్కువ. లోకములోని అత్యధిక దిగుబడులలో హైదరాబాదు తోటలది ఒకటిగా శాస్త్రజ్ఞులు చెప్పుకొనిరి.

ఇంతటి దిగుబడి ఎట్లు సాధ్యమైనది? ఇబ్న్ బతూతా చెప్పిన 'రెండుమార్లు' అను మాటలో దీని కీలకమున్నది. ఫ్రాన్సులో శీతకాలమున తీగ ఆకు రాల్చి నిద్రించును; ఏప్రిలులో మేల్కొని, జూన్‌లో పూచి, సెప్టెంబరులో పండును. మన ఉష్ణమండలమున తీగకు నిద్రలేదు. కావున మనుష్యుడే కత్తెరతో దానికి కాలమును నిర్ణయించును. ఎండకాలమున మొదటి కత్తిరింపు చేసి కొత్త కొమ్మలు పెంచుదురు. ఆ కొమ్మల కన్నులలో నలువది, అరువది దినముల మధ్య రాబోవు గుత్తి రూపుదిద్దుకొనును. అక్టోబరు ప్రాంతమున రెండవ కత్తిరింపు చేసినచో ఆ గుత్తి బయటికి వచ్చి, ఫిబ్రవరి, మార్చి నెలలలో పండును. రెండు కాపులకు బదులు ఒక్క మంచి కాపును తీయుటకు కనిపెట్టిన పద్ధతి ఇది.

కాని దీనిలోనే ఒక చిక్కు ఉన్నది. ఫ్రాన్సులో పండు పక్వమగునప్పుడు ఎండ తగ్గుచు, రాత్రులు చల్లబడుచు ఉండును. మనకు పండు పక్వమగునప్పుడు ఎండ ముదురుచుండును. అచట కాలము పండుయొక్క పులుపును కాపాడును; ఇచట కాలము దానిని కరగించును. పైగా అనాబ్ ఎ షాహీ రసములో చక్కెర నూటికి 14 నుండి 16 పాళ్లే. వెనుక చెప్పిన లెక్కను బట్టి అది 9 వంతుల ఆల్కహాలు మించని పలుచని రసము. తినుటకు కమ్మనిది, వైనుకు చాలనిది. బూజుతెగులునకు అది మిక్కిలి లోబడును. ఆరమోన్ వలె అనాబ్ ఎ షాహీ కూడ పుష్కలముగా కాసి, పలుచని రసమిచ్చు జాతియే.

1960ల చివర నుండి విత్తులేని థామ్సన్ జాతి మహారాష్ట్రమున వ్యాపించి అంగళ్లను ఆక్రమించినది. హైదరాబాదు పెరిగి పందిళ్లను మ్రింగినది. రాజద్రాక్ష తోటలున్నచోట నేడు ఇండ్లు నిలిచినవి. ఒక జాతి పేరు ప్రతిష్ఠలు ఒక నగరపు పొలిమేరపైననే ఆధారపడినప్పుడు, ఆ పొలిమేర జరిగినచో ఆ జాతియు జరిగిపోవును.

మన సీమలో వైనుపరిశ్రమ పెరుగకపోవుటకు మరియొక కారణము చట్టము. రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. దేశములో మొట్టమొదట ఈ ప్రయోగము జరిగిన జిల్లాలలో కడప ఒకటి. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము పడిపోవుటకు ఈ నిషేధపు వివాదమే కారణము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము, 1995 నుండి 1997 వరకు అమలు జరిగిన సంపూర్ణ నిషేధము ఇటీవలి చరిత్ర. కూలిడబ్బులు సారాకొట్టుకు పోవుట చూచిన తల్లుల బాధనుండి పుట్టిన ఉద్యమమది. ద్రాక్ష శాస్త్రము మాటలాడువారు ఆ బాధను మరచి మాటలాడరాదు.

తెలుగువారు వైనుతోటను పెంచనే లేదా? పెంచినారు, తెలుగునేలకు వెలుపల. హైదరాబాదు ఔషధ పారిశ్రామికులైన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకమున హంపి కొండల దాపున 'కృష్మ' అను తోటను నాటించి, ఫ్రెంచి జాతులతో ఎర్ర, తెల్ల వైనులను చేయించినారు. పేస్ ద్రాక్షలు చూచిన విజయనగరము అచటనే ఉండుట చరిత్రలోని చిత్రము.

మన మూడు ప్రాంతముల నేల

కడప జిల్లా నేల భూగర్భశాస్త్రజ్ఞులకు పవిత్రస్థలము వంటిది. విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథము నుండి 'కడప శిలలు' అను మాట శాస్త్రమున స్థిరపడినది. పులివెందుల క్వార్ట్‌జైటు, గండికోట క్వార్ట్‌జైటు, వేంపల్లి డోలమైటు అని మన ఊళ్ల పేర్లు శిలలకు ఉన్నవి. జమ్మలమడుగు ప్రాంతపు నాపరాయి సున్నపురాయియే. ప్రొద్దుటూరు చుట్టును పెన్న, కుందూ నదుల నల్లరేగడి.

ఈ మూడు నేలలును ద్రాక్షకు మూడు విధములు. నల్లరేగడి నీటిని పట్టియుంచును. తీగ ఆకుపెరుగుదలకు పోవును. సున్నపునేల ఆకును పాలిపోజేయును. మన ఊరి మట్టిపై సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేసినంతనే నురుగు వచ్చినచో సున్నమున్నదని తెలిసికొనవచ్చును. క్వార్ట్‌జైటు కొండల పాదమునగల గరుసునేలలు నీటిని వడియనిచ్చును; గస్సాక్ నేలకు గుణములో కొంత దగ్గర.

వేరుమూలము విషయమున ఒక చక్కని చుట్టరికము కలదు. దక్కనులో ఉప్పునీటికి, కరవునకు తట్టుకొనుటకు 'డాగ్‌రిడ్జ్' అను అమెరికా వేరుపై ద్రాక్షను అంటుకట్టుచున్నారు. అది షాంపినీ అను జాతిలోనిది. వియలాకు సహాయపడిన మన్సనే దానిని ఎన్నుకొనినాడు. ఫిల్లాక్సెరాను పట్టుకొన్న ప్లాంషోనే ఆ జాతికి పేరు పెట్టినాడు. వైనుజాతులకు '110 రిక్టర్' అను వేరును వాడుచున్నారు. దానిలో సున్నమునకు తట్టుకొను బెర్లాండియరీ అంశము ఉన్నది. మోంపెలియే కష్టము నుండి పుట్టిన జ్ఞానము దక్కను రైతునకు ఉపయోగపడుచున్నది.

కాని నేల, వేరు కుదిరినను వాతావరణము మిగిలియున్నది. ప్రొద్దుటూరు సముద్రమట్టమునకు సుమారు 160 మీటర్లు, పులివెందుల సుమారు 270 మీటర్లు మాత్రమే ఎత్తు. రాత్రుల చల్లదనము ఎత్తును బట్టి వచ్చును. పండును చలిలో పక్వము చేయుటకై కత్తిరింపును ముందుకు జరిపినచో, లేతచిగురు అక్టోబరు, నవంబరు తుపానువానలకు చిక్కి బూజుతెగులు పాలగును. వెనుకకు జరిపినచో పండు ఎండకు చిక్కును. ఈ రెండింటి నడుమ ఇరుకైన సందులో రైతు నడువవలెను.

అన్నిటికంటె పెద్దది నీటి సమస్య. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలు బోరునీటిపై పెరిగినవి. తోటపంట ఒకయేటి పంట కాదు. బోరు ఎండిన ఏడు కాపుతోపాటు చెట్టును పోవును. గండికోట జలాశయము, చిత్రావతి జలాశయము వచ్చి కొంత ఊరట కలిగినది. ఆ నీటిని ఏ పంటకు ఎంత వాడవలెనన్నది ఈ ప్రాంతపు రాబోవు తరము నిర్ణయింపవలసిన ప్రశ్న. కొద్దిపాటి కరవును ఓర్చుకొని, బిందుసేద్యముతో పండు పంటలకు ఇచట చోటున్నది. ద్రాక్ష అందులో ఒకటి కావచ్చును. తినుటకు, ఎండబెట్టుటకు, రసమునకు.

ఆరమోన్‌ను నమ్మిన లాంగ్ డాక్ 1907లో వీధిన పడినది. దిగుబడిని నమ్మిన రాజద్రాక్ష ఒక తరములో కనుమరుగైనది. గస్సాక్ దంపతులు మొక్కను నాటుటకు ముందు మట్టిని చదివించుకొనిరి. ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని కొత్త తోట నాటదలచిన రైతు మొదట చేయవలసిన పనియు అదియే. పొలములో నిలువెత్తు గుంట త్రవ్వి పొరలు చూచుకొనవలెను. మట్టిలో సున్నమును, బోరునీటిలో ఉప్పును పరీక్షింపించుకొనవలెను. ఆ పిమ్మటనే అంటుమొక్కకు బయానా ఇయ్యవలెను. ఈ పరీక్షలకగు ఖర్చు ఎండిన తోటను పెరికివేయుటకగు ఖర్చుకంటె చాల తక్కువ.